గ్రూపులో స్పామ్: తలుపు ఎవరి చేతిలో ఉంది?

1994 ఏప్రిల్ 12న అమెరికాలో ఇద్దరు లాయర్లు ఒక ప్రకటన పెట్టారు. లారెన్స్ కాంటర్, మార్తా సీగల్ అని భార్యాభర్తలు, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ వాళ్ల ఊరు. గ్రీన్‌కార్డ్ లాటరీకి మీ తరఫున మేం దరఖాస్తు పెడతాం, ఫీజు కట్టండి అన్నది దాని సారాంశం. నిజానికి ఆ దరఖాస్తుకు ప్రభుత్వం ఫీజేమీ అడగలేదు, లాయరు అవసరమూ లేదు. అయినా అంతవరకూ అది మామూలు వ్యాపారమే. చరిత్రలో మిగిలిపోయింది వాళ్లు దాన్ని పెట్టిన తీరు. యూజ్‌నెట్ అనే చర్చావేదికలోని సుమారు 5,500 గ్రూపుల్లో, ఒక చిన్న ప్రోగ్రాం సాయంతో, ఒక్కోదానిలో విడివిడిగా ఆ ప్రకటన దించేశారు. వంటల గ్రూపా, గణితం గ్రూపా అన్న తేడా లేదు.

జనం మండిపడ్డారు. ఫిర్యాదుల ఈమెయిళ్లు ఎన్ని వచ్చాయంటే, ఆ దంపతులకు ఇంటర్నెట్ ఇచ్చిన కంపెనీ సర్వర్లు ఆ దెబ్బకు మళ్లీ మళ్లీ కూలబడ్డాయి. కంపెనీ వాళ్ల ఖాతా తీసేసింది. వాళ్లు మాత్రం వెనక్కి తగ్గలేదు. ఆ ఒక్క ప్రకటనతో లక్ష డాలర్ల వ్యాపారం చేశామని చెప్పుకున్నారు, ఇలా ప్రకటనలు ఎలా పెట్టాలో నేర్పుతూ పుస్తకం కూడా రాశారు. 1997లో టెన్నెసీ రాష్ట్రం కాంటర్ లాయరు లైసెన్సు రద్దు చేసింది. కారణాల్లో ఈ ప్రకటన కూడా ఒకటి.

ఆన్‌లైన్ గ్రూపుల్లో స్పామ్, అంటే ఎవరూ అడగకుండా గుంపుగా వచ్చిపడే సందేశాల గురించి ఈరోజు మనం పడే గొడవలన్నీ ఆ తర్వాతి నాలుగేళ్లలో యూజ్‌నెట్‌లో ఒకసారి జరిగిపోయాయి. ఏది స్పామ్, ఎవరు తీసేయాలి, తీసేసే అధికారం వాళ్లకు ఎవరిచ్చారు అన్న మూడు ప్రశ్నలకూ అక్కడివాళ్లు జవాబులు వెతికారు. కొన్ని దొరికాయి, కొన్ని బెడిసికొట్టాయి. వాట్సాప్ గ్రూపుకో టెలిగ్రామ్ గ్రూపుకో అడ్మిన్‌గా ఉన్నవాళ్లకు ఆ అనుభవం పనికొస్తుంది.

యూజ్‌నెట్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1979లో డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లకు వచ్చిన ఆలోచన అది. దానికి యజమాని లేడు. ప్రతి యూనివర్సిటీ, ప్రతి కంపెనీ తన సర్వర్ తాను నడుపుకునేది. ఒక సర్వర్లో ఎవరైనా ఏదైనా రాస్తే అది పక్క సర్వర్లకు, అక్కడి నుంచి వాటి పక్క సర్వర్లకు చేరి, కొన్ని గంటల్లో ప్రపంచమంతా తిరిగేది. 1990ల్లో అమెరికా యూనివర్సిటీల్లో చదువుకుంటున్న తెలుగువాళ్లకూ అక్కడ సొంత గ్రూపు ఉండేది, సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు అని. కంప్యూటర్లో తెలుగు అక్షరాలు ఇంకా అందుబాటులో లేని రోజులు. ఆర్టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతోనే పద్యాలు, వాదోపవాదాలు రాసుకునేవాళ్లు.

ఇలాంటి చోటుకు స్పామ్ ఎందుకంత తేలిగ్గా వచ్చింది? డబ్బు లెక్క చూస్తే అర్థమవుతుంది. పాతరోజుల్లో బేరింగు ఉత్తరం అని ఉండేది. పంపేవాడు స్టాంపు అంటించడు, అందుకున్నవాడు పోస్ట్‌మ్యాన్‌కు డబ్బు కట్టి విడిపించుకోవాలి. స్పామ్ అచ్చంగా అదే. పంపేవాడికి ఒక గ్రూపులో పెట్టినా ఐదు వేల గ్రూపుల్లో పెట్టినా ఒకటే ఖర్చు. సర్వర్లో చోటు, చదివేవాళ్ల సమయం, చర్చ చెదిరిపోవడం, ఈ బిల్లంతా అవతలివాళ్లు కడతారు. అందుకే ఎవరికి పనికొస్తుందో చూసుకుని పంపాల్సిన అవసరం అతనికి రాదు. భారతదేశంలో పుట్టినవాళ్లకు గ్రీన్‌కార్డ్ లాటరీలో అర్హత లేదు. అయినా భారతీయుల గ్రూపును వదిలేస్తే పంపేవాడికి మిగిలేదేమీ లేదు. వెయ్యిమందిలో ఒక్కడు పడినా లాభమే.

ఈ లెక్క మారనంతవరకు స్పామర్‌కు నీతి చెప్పడం వల్ల ఉపయోగం లేదు.

ఏది స్పామ్ అన్నది ఎలా తేల్చాలి?

ఇక్కడే యూజ్‌నెట్ వాళ్లు నాకు చాలా నచ్చే పని ఒకటి చేశారు. సందేశంలో ఏముందన్నది చూడకూడదని నిర్ణయించుకున్నారు. వ్యాపారమా, మతప్రచారమా, రాజకీయమా, మంచిపనికి చందానా అన్నది అనవసరం. ఎన్నిసార్లు, ఎన్ని గ్రూపుల్లో పెట్టారన్నదే చూస్తాం అన్నారు. గ్రీన్‌కార్డ్ ప్రకటనకు మూడు నెలల ముందు, 1994 జనవరిలో, ఏసు త్వరలో వస్తున్నాడంటూ ఒక సందేశం దాదాపు అన్ని గ్రూపుల్లోనూ ప్రత్యక్షమైంది. పెట్టినాయన పైసా ఆశించలేదు. కానీ చర్చలకు కలిగిన ఇబ్బంది ఒకటే కదా.

దీన్ని కొలవడానికి సెత్ బ్రైడ్‌బార్ట్ పేరు మీద ఒక సూచీ వచ్చింది. యూజ్‌నెట్‌లో ఒకే సందేశాన్ని పలు గ్రూపుల పేర్లు రాసి ఒకేసారి పెట్టొచ్చు. అలా పెడితే సర్వర్లో ఒక్క కాపీయే ఉంటుంది, ఒక గ్రూపులో చదివినవాళ్లకు రెండో గ్రూపులో మళ్లీ కనిపించదు. విడివిడిగా పెడితే ప్రతిదీ కొత్త కాపీయే. అందుకని ఒక్కో కాపీ ఎన్ని గ్రూపులకు వెళ్లిందో ఆ సంఖ్యకు వర్గమూలం తీసి, అన్నిటినీ కూడతారు. 16 గ్రూపుల పేర్లతో ఒకసారి పెడితే సూచీ 4. అదే సందేశాన్ని 16 గ్రూపుల్లో విడివిడిగా పెడితే 16. 45 రోజుల్లో ఈ మొత్తం 20కి చేరితే దాన్ని స్పామ్‌గా లెక్కగట్టి తొలగించవచ్చు. తొమ్మిది గ్రూపులకు ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి పెట్టిన మనిషికి మూడూ మూడూ ఆరే వస్తుంది, అతని జోలికి ఎవరూ పోరు. గ్రీన్‌కార్డ్ దంపతుల లెక్క ఐదు వేలు దాటిపోతుంది.

ఈ లెక్క గొప్పతనం ఏమిటంటే, తీసేసేవాడి ఇష్టాయిష్టాలకు ఇందులో చోటు లేదు. నీ అభిప్రాయం నచ్చక తీసేశావని ఎవరూ అనలేరు. కావాలంటే ఎవరైనా కూడి చూసుకోవచ్చు.

మందు వికటించినప్పుడు

ఇక తీసేయడం ఎలా? తాను రాసినదాన్ని తానే వెనక్కి తీసుకునేందుకు యూజ్‌నెట్‌లో కాన్సిల్ సందేశం అనే ఏర్పాటు ఉండేది. పంపింది అసలు రచయితేనా అని గట్టిగా తనిఖీ చేసే సర్వర్లు అప్పట్లో లేవు. ఆ లోపాన్నే ఆయుధంగా వాడారు. గ్రీన్‌కార్డ్ దంపతులు పెట్టినవి పెట్టినట్టు తుడిచేసే ప్రోగ్రాంను నార్వేకు చెందిన ఆర్న్ట్ గుల్‌బ్రాన్‌సెన్ రాశాడు. ఆ తర్వాత ఇంకొందరు వాలంటీర్లు రాత్రింబవళ్లు ఈ పని చేశారు. జీతం లేదు, పేరు లేదు, స్పామర్ల తిట్లూ కోర్టు బెదిరింపులూ మాత్రం పుష్కలం.

కానీ మంచివాళ్ల చేతిలో ఉన్న కత్తి అందరి చేతికీ వచ్చింది. సైంటాలజీ మత సంస్థ మీద విమర్శలు నడిచే గ్రూపులో ఆ సంస్థకు నచ్చని సందేశాలు ఎవరు తీస్తున్నారో తెలియకుండా మాయమవడం మొదలైంది. పరాయి మతాలవాళ్ల, జాతులవాళ్ల గ్రూపుల మీద కక్షగట్టి వేల సందేశాలు తుడిచేసినవాళ్లూ వచ్చారు. చివరికి చాలామంది సర్వర్ నిర్వాహకులు కాన్సిల్ సందేశాలను పట్టించుకోవడమే మానేశారు.

యంత్రం మీద పూర్తిగా వదిలేస్తే ఏమవుతుందో అంతకుముందే ఒకసారి తేలింది. 1993 మార్చి 31న రిచర్డ్ డెప్యూ అనే ఆయన పేరులేని సందేశాలను ఆటోమేటిక్‌గా తీసేసే ప్రోగ్రాం నడిపాడు. అందులో ఒక తప్పు దొర్లింది. ఆ ప్రోగ్రాం తాను పెట్టిన సందేశానికి తానే స్పందిస్తూ, దానికి మళ్లీ స్పందిస్తూ, ఒకే గ్రూపులో సుమారు 200 సందేశాలు కుమ్మరించింది. గ్రూపును శుభ్రం చేయాలని వచ్చిన ప్రోగ్రామే దాన్ని నింపేసింది. ఈరోజు టెలిగ్రామ్ గ్రూపులో ఏదో బాట్, అంటే తనంతట తానే పనిచేసే ప్రోగ్రాం తగిలించి ఇక చూసుకోనక్కర్లేదు అనుకునే అడ్మిన్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

నిజంగా పనిచేసింది వేరే పద్ధతి. దానికి యూజ్‌నెట్ మరణశిక్ష అని పేరు పెట్టుకున్నారు. ఫలానా కంపెనీ నుంచి స్పామ్ ఆగకుండా వస్తుంటే, ఆ కంపెనీ కస్టమర్లు పెట్టిన ఏ సందేశాన్నీ మేం తీసుకోం అని మిగతా సర్వర్లు కట్టడి చేయడం. 1997 ఆగస్టులో అప్పటి అతిపెద్ద ఇంటర్నెట్ కంపెనీల్లో ఒకటైన యూయూనెట్ మీద దీన్ని ప్రయోగించారు. వారం తిరగకముందే ఆ కంపెనీ దారికొచ్చింది. నవంబరులో కంప్యూసర్వ్ అనే మరో కంపెనీ వంతు వచ్చింది.

ఇందులో అన్యాయం లేదా? ఉంది. ఏ తప్పూ చేయని కస్టమర్ల సందేశాలు కూడా ఆగిపోయాయి. అయినా నేను దీన్ని సమర్థిస్తాను. స్పామర్ కంపెనీకి కస్టమరు, అతని వల్ల దానికి ఆదాయం. నష్టమంతా బయటివాళ్లది. కంపెనీ తలుపు తీసి పెట్టడానికి అది చాలినంత కారణం. మరణశిక్ష పడ్డాక మొదటిసారిగా ఆ నష్టం తలుపు తీసినవాడి ఇంటికి చేరింది. మంచి కస్టమర్లు ఫోన్ చేసి నిలదీశారు. అప్పుడు గానీ కంపెనీకి స్పామర్‌ను వదిలించుకోవడం లాభసాటి అనిపించలేదు.

ఆ మరుసటి ఏడాది వాలంటీర్లు కూడా ఇదే మాట మరోలా చెప్పారు. 1998 ఏప్రిల్‌లో కాన్సిళ్లు పంపడం కొన్నాళ్లు ఆపేశారు. మేం ఊడుస్తూ పోతున్నాం కాబట్టి మీ ఇంటి చెత్త సంగతి మీరు పట్టించుకోవడం లేదు అని కంపెనీలకు తెలియజెప్పడం వాళ్ల ఉద్దేశం.

ఇదంతా తెలిసి కూడా యూజ్‌నెట్ చివరికి దెబ్బతిన్నది తలుపు దగ్గరే. 2001లో గూగుల్ యూజ్‌నెట్ పాత సందేశాల భాండాగారాన్ని కొని, గూగుల్ గ్రూప్స్ ద్వారా ఎవరైనా అందులో రాసే వీలు కల్పించింది. ఉచిత ఖాతా ఉంటే చాలు. పరిశోధకులకు, పాత చర్చలు వెతికేవాళ్లకు అదొక వరమే. కానీ ఆ తలుపు దగ్గర కాపలా రానురాను పలచబడింది. 2020లో లిస్ప్, ఫోర్త్ అనే ప్రోగ్రామింగ్ భాషల గ్రూపులను గూగుల్ గ్రూప్సే స్పామ్ ఉందంటూ కొంతకాలం మూసిపెట్టింది. 2023 చివర్లో థాయ్ భాషలో జూదం ప్రకటనలు వేల సంఖ్యలో గూగుల్ ఖాతాల నుంచి వచ్చి పడ్డాయి. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ యూజ్‌నెట్‌తో సంబంధం తెంచుకుంది, కారణాల్లో స్పామ్‌నూ చెప్పింది. ఆ తలుపు మూసుకున్నాక యూజ్‌నెట్‌లో స్పామ్ ఒక్కసారిగా తగ్గిపోయింది. దాంతోపాటే, ఆ తలుపు తప్ప వేరే దారి తెలియని మామూలు మనుషులు కూడా వెళ్లిపోయారు.

మన ఫోన్లలోకి వస్తే

వాట్సాప్‌కు యజమాని ఉన్నాడు. కానీ 2016 నుంచి సందేశాలన్నీ ఎన్‌క్రిప్షన్‌లో ఉండటంతో లోపల ఏముందో అతనూ చదవలేడు. అందువల్ల వాట్సాప్ కూడా యూజ్‌నెట్ దారికే వచ్చింది, నడవడిక చూస్తుంది. కొత్త నంబరు ఎంత వేగంగా ఎంతమందికి పంపుతోంది, ఎంతమంది రిపోర్ట్ కొట్టారు అన్నవి దాని ఆధారాలు. 2018లో పుకార్ల వల్ల దేశంలో మూకదాడులు జరిగినప్పుడు, ఒకసారికి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా ఇక్కడే ముందు పరిమితి పెట్టింది. చాలాసార్లు ఫార్వర్డ్ అయినవాటికి 2020 ఏప్రిల్‌లో ఆ పరిమితిని ఒక్క చాట్‌కు కుదించింది. రెండూ సందేశం చదవకుండా సంఖ్యకు వేసిన బ్రేకులే.

రిపోర్ట్ బటన్ ఉత్తుత్తిది అనుకునేవాళ్లు చాలామంది. అది నొక్కితే ఆ ఖాతా నుంచి మీకు వచ్చిన చివరి ఐదు సందేశాలు వాట్సాప్‌కు చేరతాయి. ఎన్‌క్రిప్షన్ ఉన్నచోట వాళ్లకు అందే సాక్ష్యం ఇదే. కాబట్టి ముందు రిపోర్ట్, ఆ తర్వాతే డిలీట్.

చట్టం మీద పెద్దగా ఆశ పెట్టుకోనక్కర్లేదు. విసిగించే, తప్పుదారి పట్టించే సందేశాలను నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది, భావప్రకటన స్వేచ్ఛకు దానివల్ల జరిగిన హాని చూస్తే సరైన తీర్పే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలు మామూలు కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు వర్తిస్తాయి, వాట్సాప్ గ్రూపులకు కాదు. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అడ్మిన్లకు ఒక ఊరట ఉంది: ఎవరో సభ్యుడు పెట్టినదానికి కేవలం అడ్మిన్ అయినందుకే నేరబాధ్యత రాదని బొంబాయి, కేరళ హైకోర్టులు చెప్పాయి.

పదాలను బట్టి ఆపే బాట్లు తెలుగు గ్రూపుల్లో సరిగా పనిచేయవు. రైతుల గ్రూపులో "లోన్" అన్న పదం నిషేధిస్తే, పంట రుణం ఎప్పుడు రెన్యువల్ చేయాలని అడిగిన రైతు సందేశం పోతుంది. లోన్ యాప్ వాడు అదే పదాన్ని అక్షరాల మధ్య చుక్కలు పెట్టో, బొమ్మలో రాసో దర్జాగా పెడతాడు. పైగా మనవాళ్లు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. ఎన్ని స్పెల్లింగులని జాబితాలో ఎక్కిస్తాం?

అంతకన్నా కొత్త సభ్యుల దగ్గర జాగ్రత్తపడటం మేలు. గ్రూపు లింకును ఫేస్‌బుక్‌లో పెట్టేస్తే తలుపు తీసి వీధిలోకి వెళ్లినట్టే. లింకు ఇవ్వాల్సి వస్తే అడ్మిన్ అనుమతి తప్పనిసరి అన్న సెట్టింగ్ పెట్టాలి. చేరాలనుకున్నవాళ్లను ఒక్క ప్రశ్న అడగాలి. కాలేజీ బ్యాచ్ గ్రూపైతే హాస్టల్ వార్డెన్ పేరు, కాలనీ గ్రూపైతే ఫ్లాట్ నంబరు. అసలు మనిషి చటుక్కున చెబుతాడు. వంద గ్రూపుల్లో దూరాలనుకున్నవాడికి ఆ ఒక్క ప్రశ్నే ఖర్చు, వంద ప్రశ్నలకు వెతుక్కోవాలి కాబట్టి. టెలిగ్రామ్‌లో కొత్తవాళ్లు మొదటి కొన్ని రోజులు లింకులు, ఫైళ్లు పెట్టకుండా ఆపొచ్చు. అమెరికాలోనూ ఇక్కడా సభ్యులున్న గ్రూపులకు ఒక అడ్మిన్ అక్కడ, ఒకరు ఇక్కడ ఉంటే స్పామ్ రాత్రంతా అలా పడి ఉండదు.

అన్నిటికన్నా కష్టమైంది బయటివాడి స్పామ్ కాదు, మనవాళ్లది. ఒకరు చీరల ఫొటోలు పెడతారు. ఇంకొకరు ప్లాట్ల వెంచర్. ఒక పెద్దాయన తెల్లవారుజామునే శుభోదయం బొమ్మ, ఆ వెంటనే శ్లోకం, ఆ తర్వాత ఆరోగ్య చిట్కా. ఏమైనా అంటే నొచ్చుకుంటారు, అనకపోతే అసలు విషయం ఉన్నవాళ్లు గ్రూపును మ్యూట్ చేసుకుంటారు. అడ్మిన్లు చాలామంది మొహమాటంతో చూసీచూడనట్టు ఊరుకుంటారు. ఒకరోజు ఓపిక నశించి ఎవరినో ఒకరిని గట్టిగా అంటారు. అప్పుడు "మీ బావగారు పెడితే ఏమీ అనలేదే, నేను పెడితేనే వచ్చిందా?" అన్న ప్రశ్న రానే వస్తుంది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది.

బ్రైడ్‌బార్ట్ లెక్క ఇక్కడ అక్కరకొస్తుంది. వర్గమూలాలు అక్కర్లేదు, ఆ సూత్రం చాలు: ఏముందని కాకుండా ఎన్ని అని చూడటం. నేను అడ్మిన్‌గా ఉన్న ఒక గ్రూపులో నియమం ఇలా రాసుకున్నాం: "ప్రకటనలు ఆదివారం మాత్రమే, ఒక్కొక్కరికి ఒకటి. చర్చకు సంబంధం లేని ఫార్వర్డ్‌లు రోజుకు ఒకటి మించకూడదు." చీరలకైనా, గుడి చందాకైనా, మేనల్లుడి కోచింగ్ సెంటర్‌కైనా ఇదే నియమం. శుభోదయాలను నిషేధించలేదు, దాంతో పెద్దాయన గౌరవానికి లోటు రాలేదు. అంతకు మించి పెట్టినప్పుడు అడ్మిన్ చెప్పాల్సింది "మీది బాగాలేదండీ" అని కాదు, "ఇవాళ్టిది అయిపోయిందండీ" అని. రెండో మాట అనడం ఎంత తేలికో పెద్దలతో మాట్లాడేవాళ్లకు తెలుస్తుంది.

సభ్యుల వల్ల జరిగే నష్టం కూడా ఒకటుంది. స్పామ్ ఒక్కటి పడగానే "ఎవరిది ఈ నంబర్?", "అడ్మిన్ గారూ చూడండి", దండం పెట్టే బొమ్మలు, కోపం బొమ్మలు పది పన్నెండు వరుసగా వస్తాయి. స్పామ్‌ను అడ్మిన్ తీసేశాక కూడా అవి మిగిలి ఉంటాయి. గ్రూపులో జవాబివ్వకుండా అడ్మిన్‌కు విడిగా చెప్పడం మంచిది.

ఈ మధ్య ఎక్కువైన రకానికి పై జాగ్రత్తలేవీ చాలవు. పదేళ్లుగా గ్రూపులో ఉన్న స్నేహితుడి నంబరు నుంచి పెళ్లి శుభలేఖ అని ఒక ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది. శుభలేఖ ఫొటోగానో, పీడీఎఫ్‌గానో రావాలి. ఏపీకే అంటే ఫోన్లో ఇన్‌స్టాల్ అయ్యే యాప్. ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ జాబితా అని కూడా ఇదే ఫైలు వస్తోంది. ఇన్‌స్టాల్ చేసి అది అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే ఓటీపీలు దొంగ చేతికి పోతాయి, వాట్సాప్ ఖాతా కూడా పోవచ్చు. ఆ ఖాతా ఉన్న గ్రూపులన్నిటికీ అదే ఫైలు బయల్దేరుతుంది. తలుపు దగ్గర ఎంత కాపలా ఉన్నా లాభం లేదు, వచ్చినవాడు లోపలి మనిషి రూపంలో ఉన్నాడు.

ఇక్కడ మాత్రం మొహమాటం పనికిరాదు. ఆ ఫైలు కనబడగానే అడ్మిన్ దాన్ని అందరికీ డిలీట్ చేసి, ఆ నంబరును వెంటనే గ్రూపు నుంచి తీసేయాలి, అది ఎంత దగ్గరివాళ్లదైనా సరే. "దాన్ని ఎవరైనా తెరిచారా? తెరిస్తే డేటా ఆఫ్ చేసి బ్యాంకుకు ఫోన్ చేయండి" అని గ్రూపులో ఒక్క సందేశం పెట్టాలి. తర్వాత ఆ స్నేహితుడికి మామూలు కాల్ చేయాలి, అతను ఎత్తకపోతే ఇంట్లోవాళ్లకు. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి "నువ్వేనా?" అని అడగకూడదు, "నేనే" అని జవాబిచ్చేది దొంగ కావచ్చు. ఖాతా తిరిగి తన చేతికి వచ్చిందని అతని గొంతుతో విన్నాకే మళ్లీ గ్రూపులో చేర్చాలి.